కొత్త లైను పడింది, పాత లైను చావలేదు: ఒక జోన్‌లో మంచినీటి పైపుల మార్పిడి

కొత్త పైపులైనులోకి నీళ్లు వదిలిన మూడో రాత్రి నేను ఓవర్‌హెడ్ ట్యాంకు కింద వాల్వు గదిలో కూర్చుని ఫ్లోమీటరు చూస్తున్నాను. రెండు నుంచి నాలుగు గంటల మధ్య జనం నిద్రలో ఉంటారు. ఆ వేళ ట్యాంకు నుంచి పోయే నీళ్లలో ఎక్కువ భాగం లీకేజీయే. దాన్నే మేం నైట్ ఫ్లో అంటాం. డెబ్బై ఏళ్ల నాటి పైపులు మార్చేశాం కాబట్టి అది బాగా పడిపోవాలి. పడలేదు సరికదా, పని మొదలుపెట్టక ముందు తీసిన రీడింగుల కంటే కాస్త పెరిగింది.

ముందు మీటరును అనుమానించాం. ఇంకో మీటరు తెచ్చి పైపుకు తగిలించి చూశాం. అదీ అదే చెప్పింది. మీటరులో తప్పేమీ లేదు, మేం ‘మార్చేశాం’ అనుకోవడంలోనే తప్పుంది. నిజానికి మేం చేసింది కొత్త లైను వేయడం మాత్రమే. దానికి రెండడుగుల దూరంలో పాత లైను ప్రాణంతోనే ఉంది. ఇప్పుడు రెండింటికీ నీళ్లు పోస్తున్నాం. పైగా కొత్త లైనులో ప్రెషర్ బాగుంది. మాకు తెలియని జాయింట్ల గుండా ఆ ప్రెషర్ పాత లైనులోకి కూడా వెళ్తోంది. ప్రెషర్ పెరిగితే చిల్లులోంచి పోయే నీళ్లూ పెరుగుతాయి. లోహపు పైపుకు పడ్డ చిల్లు అయితే ప్రెషర్ రెట్టింపైనప్పుడు లీకు సుమారు 40 శాతం పెరుగుతుంది. జాయింట్ల దగ్గర, చీలికల దగ్గర ఇంకా ఎక్కువే పెరుగుతుంది.

ఆ రాత్రి నుంచి పాత లైను పూర్తిగా ఆగిపోయేదాకా పట్టిన కాలం, కొత్త లైను వేయడానికి పట్టిన కాలం కంటే ఎక్కువ. ఈ కేసు రాయడానికి కారణం అదే. పైపులు ఎలా వేయాలో చెప్పే పుస్తకాలు చాలానే ఉన్నాయి, పాత పైపును ఎలా చంపాలో చెప్పేవాళ్లు తక్కువ.

జోన్ సంగతి

ఒక ట్యాంకు, దాని కింద నగరంలోకెల్లా పాత వీధులు. పెద్ద వీధుల్లో 150 మిల్లీమీటర్ల కాస్ట్ ఐరన్ పైపులు, సందుల్లో 100, 80 మిల్లీమీటర్లవి. జాయింట్లన్నీ నార కూరి, సీసం కరిగించి పోసినవి. తర్వాత పెరిగిన వీధుల్లో ఆస్బెస్టాస్ సిమెంటు పైపులు. ఇళ్లలోకి వెళ్లేవి జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపులు. సరఫరా ఇరవై నాలుగు గంటలూ ఉన్నట్టు లెక్క. కానీ చివరి ఇళ్లకు పొద్దున పూట సన్నటి ధార తప్ప వచ్చేది కాదు. ఫిర్యాదులు రెండు రకాలు: ట్యాంకు దగ్గర ఉన్నవాళ్లు రోడ్డు మీద లీకుల గురించి, చివర ఉన్నవాళ్లు నీళ్లు రావట్లేదని. రెంటికీ మూలం ఒకటే అని తెలియడానికి పైపు కోసి చూడాల్సి వచ్చింది.

ఒక 150 మిల్లీమీటర్ల పైపు నుంచి అర మీటరు ముక్క కోయించాను. లోపల తుప్పు గడ్డలు గడ్డలుగా పేరుకుని, నీళ్లు పారే దారి సుమారు 100 మిల్లీమీటర్లకు వచ్చేసింది. చూసిన వాళ్లు “మూడో వంతు పోయింది” అన్నారు. నీళ్ల లెక్క అలా ఉండదు. ఒకే ప్రెషర్ దగ్గర పైపులో పారే నీళ్లు వ్యాసానికి 2.63వ ఘాతంలో మారుతాయని హేజెన్-విలియమ్స్ సూత్రం చెబుతుంది. ఆ లెక్కన వ్యాసం మూడో వంతు తగ్గితే మిగిలే ప్రవాహమే మూడో వంతు. గడ్డల గరుకుతనాన్ని ఇంకా లెక్కలోకి తీసుకోలేదు. చివరి ఇంటి సన్నటి ధారకు వేరే కారణం వెతకనక్కర్లేదు.

పైపు గోడ సంగతి మరోటి. పైకి చూస్తే మందం అలాగే ఉంది. మా ఫిట్టరు జేబులోంచి చాకు తీసి గోడ మీద గీశాడు. పెన్సిల్ ముల్లు గీకినట్టు నల్లటి పొడి రాలింది. కాస్ట్ ఐరన్‌లో గ్రాఫైట్ రేకులు ఉంటాయి. మట్టిలో ఏళ్ల తరబడి ఉంటే ఇనుము కరిగిపోయి ఆ గ్రాఫైట్, తుప్పు మిగిలి పైపు ఆకారాన్ని నిలబెడతాయి. ఆకారం ఉంటుంది, బలం ఉండదు. పైన ఒక బరువైన లారీ వెళ్లినా, పక్కన ఎవరైనా గొయ్యి తవ్వినా అలాంటి పైపు ఉన్నట్టుండి విరుగుతుంది.

ఈ చాకు గీత మాకు ఒక నిర్ణయాన్ని సులువు చేసింది. లోపల గీకి శుభ్రం చేసి సిమెంటు పూత వేస్తే రోడ్లు తవ్వక్కర్లేదు కదా అని పైనుంచి ఒక సూచన ఉంది. గోడ గట్టిగా ఉండి లోపల మాత్రమే గడ్డలు కట్టిన పైపుకు అది మంచి పద్ధతి. గోడే లేని పైపుకు పూత ఎందుకు? పాత పైపును లోపలి నుంచి పగలగొడుతూ కొత్తదాన్ని లాక్కెళ్లే పైప్ బర్‌స్టింగ్ పద్ధతిని పెద్ద రోడ్డు దాటే ఒక్కచోట వాడాం. సందుల్లో కుదరదు. రెండు మూడు మీటర్లకో ఇంటి కనెక్షన్ ఉంది, ప్రతిదానికీ ఎలాగూ గొయ్యి తీయాలి. పగిలే ఇనుప ముక్కల తాకిడి పక్కనే ఉన్న కేబుళ్లకూ తగలొచ్చు.

కాబట్టి తవ్వి కొత్తది వేయడమే. పెద్ద వీధులకు లోపల సిమెంటు పూత ఉన్న డీఐ (డక్టైల్ ఐరన్, అంటే తేలిగ్గా విరగని ఇనుము) పైపు, సందులకు హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్). సైజు దగ్గర పెద్ద చర్చే జరిగింది. “ఎలాగూ తవ్వుతున్నాం, ఒక సైజు పెద్దది వేసేద్దాం” అని అందరి నోటా వస్తుంది. నేను ఒప్పుకోలేదు. పైపు మరీ పెద్దదైతే నీళ్లు అందులో ఎక్కువసేపు నిలుస్తాయి, చివరికి చేరేసరికి క్లోరిన్ మిగలదు. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. ట్యాంకు నుంచి బయల్దేరే వీధుల్లో 200 మిల్లీమీటర్లది వేశాం, మిగతాచోట్ల పాత సైజే ఉంచాం. లోపలి గడ్డలు పోతే చాలు, అదే పెద్ద పైపు కింద లెక్క.

మా తప్పు ఎక్కడ జరిగింది

సర్వే దగ్గర. మా దగ్గర ఉన్న పటం ఎప్పుడో చేత్తో గీసింది, మీద రంగు పెన్సిళ్లతో దిద్దుబాట్లు. దాని మీద ఆధారపడలేమని తెలుసు. అందుకే వాల్వ్ ఆపరేటర్లతో, రిటైరైన ఒక లైన్‌మన్‌తో వీధివీధీ తిరిగాం, అక్కడక్కడా ట్రయల్ పిట్‌లు తీశాం. మెయిన్‌లు (వీధి కింద పోయే ప్రధాన పైపులు) ఎక్కడున్నాయో బాగానే తేలింది. మేం సరిగా వెతకనివి రెండు: ఏ ఇల్లు ఏ మెయిన్ మీద ఉందో, మెయిన్‌లు ఎక్కడెక్కడ ఒకదానికొకటి కలిశాయో.

ఈ కలయికలు ఎలా పుట్టాయో రిటైరైన లైన్‌మన్ తర్వాత చెప్పాడు. “ఆ రోజుల్లో రాత్రి పూట పైపు పగిలేది సార్. తెల్లారేసరికి నీళ్లు రావాలి. పక్క లైనులోంచి ఒక ముక్క కలిపేసేవాళ్లం. కాగితం మీద ఎక్కించడం మర్నాటి పని. మర్నాడు ఇంకోచోట పగిలేది.” ఆయన్ని తప్పుపట్టలేను. ఆయన స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ని.

రెండో తప్పు ఇంకా పెద్దది, అది నాది కూడా. ఎస్టిమేటు తయారుచేసిన వాళ్లలో నేనొకణ్ని. కాంట్రాక్టులో చెల్లింపు ఎక్కువగా వేసిన పైపు మీటర్లకు ముడిపెట్టాం. ఇంటి కనెక్షన్లు కొత్త లైనుకు మార్చడాన్ని చివర్లో ఒక చిన్న పద్దుగా రాశాం. పాత లైను మూసేయడానికైతే పద్దే లేదు, ‘మొత్తం పనిలో భాగం’ అని ఒక వాక్యం. కాంట్రాక్టరు ఏం చేస్తాడు? మనం దేనికి డబ్బు ఇస్తున్నామో అదే చేస్తాడు. పైపు గబగబా పడింది, బిల్లులు గబగబా వచ్చాయి, కనెక్షన్లు సగంలో ఉండగానే యంత్రాలు వెళ్లిపోయాయి. ఆయన మోసం చేశాడని నేను అనను. మేం రాసిన కాగితమే ఆయన్ని అటు నడిపింది.

పైపు వేయడంలో రెండు విషయాలు

వేయడం గురించి ఎక్కువ రాయను. ట్రెంచ్, బెడ్డింగ్, వంపుల దగ్గర థ్రస్ట్ బ్లాకులు, పని చేసే ప్రెషర్‌కు ఒకటిన్నర రెట్లతో హైడ్రో టెస్ట్, అంతా మామూలే. ఆస్బెస్టాస్ పైపులను భూమిలోనే వదిలేశాం. తప్పనిసరిగా కోయాల్సిన చోట తడుపుతూ, చేతిరంపంతో కోయించాం. ఆ దుమ్ము ఎగరకూడదు.

హెచ్‌డీపీఈతో మాత్రం ఒక దెబ్బ తిన్నాం. మిట్టమధ్యాహ్నం ఎండలో కాగిన పైపును ట్రెంచ్‌లో పరిచి, వెంటనే చివర్లు కలిపేశారు. మర్నాడు పొద్దున ఒక మెకానికల్ కప్లింగ్ దగ్గర పైపు ఊడివచ్చి ఉంది. హెచ్‌డీపీఈ ఒక డిగ్రీ చల్లబడితే మీటరుకు సుమారు 0.2 మిల్లీమీటర్లు కుంచించుకుపోతుంది. వంద మీటర్ల పైపు పదిహేను డిగ్రీలు చల్లబడితే అడుగు పొడవు తగ్గుతుందన్న మాట. ఆ తర్వాత పైపు పరిచి, సగం మట్టి కప్పి, చల్లబడ్డాక చివర్లు కలపడం నియమంగా పెట్టుకున్నాం. లాగితే ఊడే కప్లింగులు మానేసి ఎలక్ట్రోఫ్యూజన్‌కు (కరెంటు వేడితో ప్లాస్టిక్‌ను కరిగించి అతికే పద్ధతి) వెళ్లాం. దానిలోనూ కిటుకు గీకడంలో ఉంది. పైపు పైపొర గాలికి ఆక్సీకరణం చెంది ఉంటుంది. దాన్ని గీకుడు పనిముట్టుతో పూర్తిగా తీసేయకపోతే అతుకు చూడ్డానికి బాగుంటుంది, టెస్టు కూడా తట్టుకుంటుంది, కొన్నాళ్లకు వదిలేస్తుంది. గీకే ముందు పైపు మీద మార్కరుతో అడ్డదిడ్డంగా గీతలు గీయించేవాణ్ని. గీకాక ఒక్క గీత కనబడినా మళ్లీ గీకాల్సిందే.

ఇక క్లోరినేషన్. కొత్త పైపు శుభ్రంగా ఉంటుందనుకోవడం పొరపాటు. ట్రెంచ్‌లో మట్టి, మురుగు, ఒకసారి చచ్చిన ఎలుక కూడా. మేం లీటరుకు 25 మిల్లీగ్రాముల క్లోరిన్ నింపి 24 గంటలు ఉంచేవాళ్లం. తర్వాత కనీసం 10 మిగిలితేనే పాస్. లెక్క ఎంత చిన్నదో చూడండి. 200 మిల్లీమీటర్ల పైపు 600 మీటర్లలో పట్టే నీళ్లు సుమారు 18,850 లీటర్లు. దానికి కావలసిన క్లోరిన్ 470 గ్రాములు. 33 శాతం బలమున్న బ్లీచింగ్ పౌడర్ అయితే కిలోన్నర కూడా అక్కర్లేదు. మరి ఎందుకు ఫెయిలైంది మొదటిసారి? స్టోరులో నెలల తరబడి మూట విప్పి పెట్టిన పౌడర్ వాడాం, బలం సగానికి పడిపోయి ఉంది. అప్పటి నుంచి పౌడర్ బలం పరీక్షించకుండా లెక్క వేయలేదు. ఆ ఘాటు నీళ్లను క్లోరిన్ విరిచాకే డ్రైనేజీలోకి వదిలాం.

పాత లైనును చంపడం

నైట్ ఫ్లో తగ్గలేదని తెలిశాక సందులను ఒక్కొక్కటిగా తీసుకున్నాం. పద్ధతి చెప్పడానికి సులువే. ఒక సందు పాత లైనుకు రెండు వైపులా వాల్వులు మూసేయడం, మధ్యలో గేజ్ పెట్టడం, స్కవర్ (లైనును ఖాళీ చేసే వాల్వు) తెరిచి నీళ్లు వదిలేయడం. ప్రెషర్ సున్నాకు రావాలి, స్కవర్ ఆగాలి. దీన్ని జీరో ప్రెషర్ టెస్ట్ అంటారు. సున్నాకు రాకపోతే ఎక్కడినుంచో ఆ లైనులోకి నీళ్లు వస్తున్నట్టు. సున్నాకు వచ్చి, ఏ ఇంట్లోనైనా నీళ్లు ఆగిపోతే ఆ ఇల్లు ఇంకా పాత లైను మీదే ఉన్నట్టు. సర్వేలో దొరకని కనెక్షన్లను చూపించింది ఆ ఫిర్యాదు ఫోన్లే. ముందురోజే ఇంటింటికీ చెప్పి, ట్యాంకర్ నిలబెట్టి, పగటి పూటే మూసేవాళ్లం. ఫిట్టర్ల జట్టు సందు చివరే ఉండేది. ఫోన్ వచ్చిన అరగంటలో గొయ్యి మొదలవ్వాలి. లేకపోతే వాల్వ్ ఆపరేటరు మీద ఒత్తిడి వస్తుంది, అతను సాయంత్రానికి వాల్వు తెరిచేస్తాడు, మన పరీక్ష గంగపాలు.

ఒక సందు మమ్మల్ని తొమ్మిది రోజులు తిప్పింది. అన్ని వాల్వులూ మూశాం, గేజ్ సున్నాకు రాదు. వాల్వు సరిగా మూసుకోవట్లేదని రెండు వాల్వులు మార్చాం. అయినా రాదు. చివరికి వినికిడి కర్రతో రాత్రి పూట ప్రతి ఇంటి కనెక్షన్ దగ్గరా విన్నాం. ఒక మూల ఇంటి దగ్గర మోగింది. ఆ ఇంటికి ముందు వీధి నుంచి ఒక కనెక్షన్, వెనక సందు నుంచి ఇంకొకటి. లోపల రెండూ ఒకే పైపులో కలిసి ఉన్నాయి. ముందు కనెక్షన్‌ను మేం కొత్త లైనుకు మార్చాం. కొత్త లైను నీళ్లు ఆ ఇంట్లోకి వెళ్లి, వెనక కనెక్షన్ గుండా పాత లైనులోకి వస్తున్నాయి. ఒక ఇంటి అర అంగుళం పైపు సందు మొత్తాన్ని బతికిస్తోంది.

ఇంటి పెద్దావిడకు చెప్తే ఆశ్చర్యపోయింది. “రెండుంటే మంచిదే కదా బాబూ, ఒకటి రాకపోతే ఇంకోటి వస్తుందని ఆయనే పెట్టించాడు.” ఆవిడ మాటలో తప్పు లేదు. నాకు వణుకు పుట్టించింది దీని తిరుగుదారి. ఎప్పుడైనా కొత్త లైనులో ప్రెషర్ పడిపోతే, నిలవ ఉన్న పాత లైను నీళ్లు అదే దారిలో వెనక్కి వచ్చి ఇళ్లలోకి చేరతాయి. డ్రైనేజీ పక్కన చిల్లులు పడిన పైపులోని నీళ్లు. లీకేజీ కంటే ఇది పెద్ద టెన్షన్. ఆ రోజు నుంచి రెండు కనెక్షన్లున్న ఇల్లు దొరికితే, రెండోదాన్ని ఇంటి వైపు కాకుండా మెయిన్ దగ్గర ఫెరూల్ (ఇంటి పైపును మెయిన్‌కు తగిలించే ముక్క) తీసి ప్లగ్ వేయడం మొదలుపెట్టాం. ఇంటి దగ్గర మూస్తే మళ్లీ తెరుచుకోవచ్చు, పైగా మధ్యలోని ముక్క లీకవుతూనే ఉంటుంది.

ఎర్రనీళ్లు

ఇదే రోజుల్లో ఇంకో గోల. కొత్త పైపు వచ్చింది, నీళ్లు మాత్రం ఎర్రగా వస్తున్నాయని. వాల్వులు అటూ ఇటూ మూయడంతో మిగిలిన పాత పైపుల్లో నీళ్లు వ్యతిరేక దిశలో పారాయి, ఏళ్లుగా ఒకవైపుకు ఒదిగిన తుప్పు కదిలింది. వరసగా ట్యాంకు వైపు నుంచి ఫ్లషింగ్ చేస్తే అది తగ్గింది. తగ్గని ఇళ్లు కొన్ని ఉన్నాయి. అక్కడ తుప్పు ఇంటి జీఐ పైపులోదే. మేం కొత్త హెచ్‌డీపీఈని ప్రహరీ గోడ దాకా తెచ్చి పాత జీఐకి తగిలించి వదిలేశాం, అవతలిది ఇంటివాళ్లదని.

ఈ ‘అవతలిది వాళ్లది’ అన్న మాట ఎక్కడైనా పని చెడగొడుతుంది. సీసపు పైపులున్న నగరాల్లో అది మరీ ప్రమాదం. ఒక్క సగం మార్చి సగం వదిలేస్తే, కోతల కదలికకు, రెండు లోహాలు కలిసినచోట జరిగే తుప్పుకు కొంతకాలం నీళ్లలో సీసం పెరగనూవచ్చు. అమెరికాలో మాడిసన్ నగరం 2001 నుంచి పూర్తి పైపు మార్చాలని ఇంటివాళ్లకు తప్పనిసరి చేసింది. అదే దేశంలోని నెవార్క్ నగరం 2019లో ఇంకో అడుగు ముందుకేసింది. యజమాని అనుమతి కోసం ఆగకుండా, ఖర్చు అడగకుండా ఇంటి వైపు పైపు కూడా నగరమే మార్చేలా స్థానిక చట్టం తెచ్చుకుంది. సుమారు 23,000 సీసపు పైపులు మూడేళ్లలోపే మారాయి. అద్దె ఇళ్లు ఎక్కువున్న ఊళ్లో యజమాని సంతకం కోసం తిరిగితే అది పదేళ్ల పని అయ్యేది. అమెరికాలోనే ఫ్లింట్ నగరంలో 2014లో నీటి వనరు మార్చి, తుప్పు ఆపే మందు కలపకపోవడంతో పైపుల లోపలి పొరే కరిగి నీళ్లలోకి సీసం వచ్చింది. పాత పైపు లోపల కట్టిన పొర ఒక రకంగా దాని కాపలా కూడా. పైపు మార్చే ముందు దాన్ని కదిలిస్తే కలిగే నష్టం చాలా ఉంది.

మా జోన్‌లో సీసపు ఇంటి కనెక్షన్లు లేవు. అయినా చివరికి పై అధికారులను ఒప్పించి, మీటరు దాకా పైపు మొత్తం మేమే మార్చాం. ఎర్రనీళ్ల ఫోన్లు దాదాపు ఆగిపోయాయి.

ఫలితం

నైట్ ఫ్లో గ్రాఫు మెట్లలా దిగింది. ఒక సందు పాత లైను చచ్చిన రాత్రి ఒక మెట్టు. మూల ఇంటి సందు మూసిన రాత్రి దిగిన మెట్టు అన్నిటికంటే పెద్దది. అన్నీ అయ్యాక మొదటి రీడింగులో సగానికి కిందకు వచ్చింది. కంబోడియా రాజధాని నామ్‌పెన్‌లో లెక్కకు రాని నీళ్లు (సరఫరా చేసినా బిల్లులోకి ఎక్కనివి) 1993లో 72 శాతం ఉంటే, తర్వాతి రెండు దశాబ్దాల్లోపే 6 శాతం దగ్గరికి తెచ్చారు. అక్కడ కూడా పైపులు మార్చడం సగం పనే. రిజిస్టరులో లేని కనెక్షన్లన్నిటినీ లెక్కలోకి తేవడం, ప్రతి కనెక్షన్‌కూ మీటరు పెట్టడం మిగతా సగం.

చివరి ఇళ్లకు నీళ్లు మొదటి అంతస్తు దాకా ఎక్కాయి. దాంతో కొత్త రకం ఫోన్లు: ఇంటి లోపలి పాత కుళాయిలు, ట్యాంకుల ఫ్లోట్ వాల్వులు ఆ ప్రెషర్‌కు ఆగట్లేదు. రాత్రి పూట ప్రెషర్ తగ్గించే వాల్వు జోన్ మొదట్లో పెట్టాం. నిజానికి అది డిజైన్‌లోనే ఉండాల్సింది.

తర్వాతి జోన్ కాంట్రాక్టులో చెల్లింపును రెండుగా విడగొట్టాం. పైపు పడినందుకు కొంత, ఆ వీధి పాత లైను జీరో ప్రెషర్ టెస్ట్ పాసై, రెండు చివర్లూ కోసి ఎండ్ క్యాప్ వేసి, ఫొటోతో పటంలో ఎక్కినందుకు మిగతాది. వాల్వు మూసి వదిలేస్తే ఒప్పుకోం. మూసిన వాల్వును తెరిచే చెయ్యి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఇంటి కనెక్షన్ల సర్వే డిజైన్‌కు ముందే అయ్యేలా వేరే పద్దు పెట్టాం. కాంట్రాక్టర్లు గొణిగారు, ధర కాస్త పెంచి కోట్ చేశారు. పెంచింది న్యాయమే, అది నిజమైన పని.

పాత జోన్‌లో ఒకటి మాత్రం మిగిలింది. పెద్ద కూడలి కింద నలభై మీటర్ల కాస్ట్ ఐరన్ ముక్క. రెండు వైపులా కోసి మూతలు వేశాం. అయినా గేజ్ పెడితే సున్నాకు రాదు, కాస్త కాస్తగా ప్రెషర్ ఎక్కుతుంది. కూడలి మళ్లీ తవ్వడానికి ట్రాఫిక్ విభాగం అనుమతి వచ్చేదాకా లాగర్ (ప్రెషర్‌ను తనంతట తానే నమోదు చేసే పరికరం) అక్కడే ఉంచాం. మా పటంలో ఆ ముక్క ఇంకా ఎర్ర గీతగానే ఉంది.